ఎమిలేడు చూసొద్దాం రండి

పర్యాటక శాఖ కమిషనర్ విశ్వంభర్ గారు అమెరికా వెళ్లి పదకొండు రోజులుండి వచ్చిన నెలకి మా మునగలదిన్నె మండలం పర్యాటక పటంలోకి ఎక్కింది. ఈ రెండింటికీ ఉన్న సంబంధం నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు. ఫైలు నా దగ్గరే ఉంది. నా పేరు హనుమంతరాయుడు. తహసీల్దారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై ఆరేళ్ల సర్వీసులో నా మీద ఒక్క మెమో లేదు. మెమోలు పని చేసినవాళ్లకే వస్తాయని తెలిసినవాళ్లు దీనికి ఆశ్చర్యపోరు.

కమిషనర్ గారు వెళ్లింది అమెరికా నడిమధ్యనున్న ఒక రాష్ట్రానికి. ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చే కమిటీ ఆలస్యంగా కూచోవడం వల్ల సముద్రాలూ మంచుకొండలూ ఉన్న రాష్ట్రాలన్నీ వేరే శాఖలవాళ్లు పంచేసుకున్నారట. మిగిలిన రాష్ట్రంలో ఈ కొసనుంచి ఆ కొసదాకా మొక్కజొన్న చేలు తప్ప ఏమీ లేవు. నేల అంతా బల్లపరుపు. వేరేవాళ్లయితే హోటల్లో పడుకుని వచ్చేసేవాళ్లు. ఈయన తిరిగారు. తిరిగితే తెలిసిందేమిటంటే, అక్కడ ప్రతి ఊరికీ ఒక రంగుల పుస్తకం ఉంది. ఒక ఊళ్లో సిమెంటుతో ఇల్లంత మొక్కజొన్న కండె కట్టి పెట్టారు. ఇంకో ఊళ్లో నిచ్చెన వేసుకుని ఎక్కి కూచునే కుర్చీ ఉంది. మరో ఊళ్లో ఆ కుర్చీ కూడా లేదు, రోడ్డు ఒకచోట కాస్త మలుపు తిరుగుతుంది, అంతే. వాళ్లు ఆ మలుపు దగ్గర బోర్డు పెట్టారు. శని ఆదివారాల్లో జనం పెళ్లాం బిడ్డల్ని కార్లలో ఎక్కించుకొచ్చి మలుపు చూసి, దాని ముందు ఫోటో దిగి వెళుతున్నారు.

ఆ మలుపు దగ్గరే కమిషనర్ గారికి జ్ఞానోదయమైంది. తిరిగి రాగానే రాష్ట్రంలోని తహసీల్దార్లందరినీ వీడియో కాన్ఫరెన్సులో కూచోబెట్టారు.

"మిత్రులారా, దర్శనీయ స్థలమనేది భూమి మీద ఉండదు. అది అధికారి సంకల్పంలో ఉంటుంది. ఇకపై దర్శనీయ స్థలం లేని మండలం అంటూ ఈ రాష్ట్రంలో ఉండరాదు. ఉంటే అది సదరు తహసీల్దారు యొక్క వ్యక్తిగత వైఫల్యంగా పరిగణించబడుతుంది" అన్నారు.

పథకానికి అమెరికాలో వాడే 'వీకెండ్ గెటవే' అనే మాటనే తెలుగు చెయ్యమని అనువాద విభాగానికి పంపితే వాళ్లు నిఘంటువు చూసి 'వారాంత పలాయన యోజన' అని పంపారు. మా మండలంలో వానలు పడని ఏడాదల్లా సగం ఊళ్లు బెంగుళూరు బస్సెక్కి పలాయనం చేస్తూనే ఉన్నాయి. ఆ పేరు చూసి ప్రభుత్వం ఇన్నాళ్లకి మమ్మల్ని పట్టించుకుందని మా అటెండరు సంతోషపడ్డాడు.

ఆ ఉత్తర్వు మాకు అందింది సోమవారం. సోమవారం అర్జీల రోజు. సాయంత్రం అయిదింటిలోగా ప్రతి మండలమూ తన దర్శనీయ స్థలం పేరు పోర్టల్లో ఎక్కించాలి, లేకపోతే జిల్లా పటంలో ఆ మండలం ఎర్రరంగులో కనిపిస్తుంది. ఎర్రరంగంటే మా తహసీల్దారు సుగుణవల్లి మేడానికి బీపీ పెరుగుతుంది. నాలుగున్నర దాటింది. నా బల్ల ముందు ఓబుళమ్మ నిలబడి ఉంది.

ఓబుళమ్మ సంగతి ముందు చెప్పాలి. కొండవార ఊళ్లో ఆమెకి రెండెకరాల పద్దెనిమిది సెంట్లు ఉంది, సర్వే నంబరు రెండొందల పద్నాలుగు బై రెండు. ప్రభుత్వం ఇచ్చిన డి పట్టా భూమి. మొగుడు పోయాక ఆమే సేద్యం చేస్తోంది. ఏ పొలంలో ఎవరు సాగు చేస్తున్నారు, ఏం పైరు వేశారు అని మేము రాసుకునే పుస్తకాన్ని అడంగల్ అంటారు, ఇప్పుడది కంప్యూటర్లోకి ఎక్కింది. అందులో ఆమె పొలానికి ఎదురుగా పైరు గడిలో 'ఏమీ లేదు' అని ఉంది. అనుభవదారు గడిలోనూ 'ఏమీ లేదు' అనే ఉంది. అందుచేత ఆమెకి సబ్సిడీ విత్తనాలు రావు, పంట పోతే బీమా రాదు, బీడు పెట్టిన భూమి కింద ప్రభుత్వం ఏ రోజైనా వెనక్కి తీసుకోవచ్చు. ఆ రెండు గడులూ నింపింది నేనే. అప్పట్లో ఆ ఊరికి నేను వీఆర్వోని. ఎండగా ఉంది, పంచాయతీ ఆఫీసులో ఫ్యాను తిరుగుతోంది. కొండవార ఏముంటుందిలే అనుకుని ఫ్యాను కిందే కూచుని రాశాను.

"సార్, ఈ పొద్దన్నా చూస్తారా?" అంది ఓబుళమ్మ.

"చూశానమ్మా. కంప్యూటర్లో ఏమీ లేదు."

"కంప్యూటర్లో గాదు సార్, చేన్లో చూడండి. శనక్కాయ పూత మీద ఉండాది. గట్టు పొడుగునా కంది ఏసినా. నలభై సీతాఫలం చెట్లుండాయి. ఎండంటే చెప్పండి, గొడుగు నేను పట్టుకోనొస్తా."

"పొలం చూడ్డానికి రావాలంటే పైరున్నట్టు రికార్డులో ఉండాలమ్మా. రికార్డులో పైరు ఎక్కాలంటే పొలం చూడాలి. ప్రొసీజరు అది."

"రెండిట్లో ముందు ఏది జేస్తారు సార్?"

"అది పైనుంచి తేలాలి."

ఇంతలో లోపల్నుంచి మేడం కేకేశారు. "హనుమంతరాయుడూ, టైం నాలుగూ యాభై. మన మండలంలో చూడ్డానికేముంది?"

"ఏమీ లేదు మేడం" అన్నాను కూచున్నచోటి నుంచే.

అబద్ధం కాదు. కొండ ఒకటి ఉండేది. సగం మా మండలంలో, సగం పక్క మండలంలో. మా సగాన్ని కంకర మిల్లుకి ఇచ్చాం, అది ఇప్పుడు బెంగుళూరు రోడ్ల కింద ఉంది. వంక ఉంది, వంక మీద వంతెన ఉంది, వంకలో నీళ్లు లేవు. మేడం బయటికొచ్చి నా వెనక నిలబడ్డారు. పేరు గడి ఖాళీగా వదిలి నొక్కితే పోర్టల్ ఒప్పుకోలేదు. 'నిల్' అని కొట్టాను. ఆ పేరుగల దర్శనీయ స్థలాన్ని పక్క మండలం ఇప్పటికే నమోదు చేసుకుందని చూపించింది. 'నథింగ్' అని కొట్టాను. అదీ పైజిల్లావాళ్లు తీసేసుకున్నారు. అయిదు కావడానికి రెండు నిమిషాలుంది. పోర్టల్ తెలుగు అక్షరాలు తీసుకోదు కాబట్టి, అప్పటిదాకా ఓబుళమ్మతో అంటున్న మాటే ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి కొట్టేశాను. ఇ, ఎం, ఐ, ఎల్, ఇ, డి, యు. పోర్టల్ అభినందనలు తెలిపి మా మండలాన్ని పచ్చరంగులోకి మార్చింది. మేడం ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్లారు. ఓబుళమ్మని వచ్చే సోమవారం రమ్మన్నాను.

మూడు వారాలకి రంగుల పుస్తకం వచ్చింది. రాష్ట్రంలోని పలాయన స్థలాలన్నీ అందులో ఉన్నాయి. నలభై రెండో పేజీలో, పొగమంచులో నిలబడ్డ ఒక లేడి బొమ్మ కింద పెద్దక్షరాలతో 'ఎమిలేడు' అని వేశారు. కింద చరిత్ర రాశారు. పూర్వం ఒక పాలెగాడు వేటకొచ్చి ఈ ప్రదేశంలో ఒక అందమైన లేడిని చూసి ఆశ్చర్యంతో 'ఏమి లేడి' అన్నాడనీ, అదే కాలక్రమేణా జనుల నోళ్లలో పడి ఎమిలేడు అయిందనీ, నేటికీ పున్నమినాడు ఆ లేడి గిట్టల చప్పుడు వినిపిస్తుందనీ స్థానికులు చెప్పుకుంటారట. స్థానికుల్లో నేనూ ఒకణ్ణి. రెండుసార్లు చదివాను. చదివేకొద్దీ నాకు కూడా కొంచెం గుర్తొస్తున్నట్టే అనిపించింది.

మేడం పుస్తకం చూసి చెమటలు పట్టి, జిల్లా పర్యాటక అధికారి చక్రపాణి గారికి ఫోను కలిపి నా చేతిలో పెట్టారు.

"సార్, చిన్న పొరపాటు జరిగింది. మా మండలంలో ఎమిలేడు అనే చోటు లేదు సార్. ఇక్కడ ఏమీ లేదు."

"అదేనయ్యా, ఎమిలేడు. మీ ప్రాంతంలో ఉచ్చారణ స్వల్పంగా భిన్నంగా ఉంటుందని మా కన్సల్టెంట్లు నోట్ పెట్టే ఉన్నారు."

"అది కాదు సార్. ఏమీ లేదు అంటే, ఏమీ లేదు."

"ఒకసారి చెబితే చాలు, నాకు వినపడుతూనే ఉంది."

"దాన్ని తీసెయ్యడానికి వీలవుతుందా సార్?"

చక్రపాణి గారు ఓపిగ్గా చెప్పారు. "చూడండి, ఒక దర్శనీయ స్థలం పోర్టల్లో నమోదయ్యాక దానికి తొలగింపు అనే అవకాశం వ్యవస్థలో పొందుపరచలేదు. ఉన్నతీకరణ అనే బటన్ మాత్రమే ఉంది. మీ ఆందోళన దృష్ట్యా అది నొక్కుతున్నాను."

ఉన్నతీకరణ అంటే బోర్డులు. హైవే మీద, బస్టాండులో, మా ఆఫీసు మలుపులో లేడి బొమ్మ వేసి బాణం గుర్తులు పెట్టారు. 'ఎమిలేడు తొమ్మిది కిలోమీటర్లు' అని ఒకటి, దానికి ఎదురుగా ఇటువైపు వచ్చేవాళ్లకి మళ్లీ 'ఎమిలేడు తొమ్మిది కిలోమీటర్లు' అని ఇంకొకటి. ఎటునుంచి వచ్చినా తొమ్మిదే.

మొదటి కారు ఒక ఆదివారం బెంగుళూరు నుంచి వచ్చింది. నేను బస్టాండులో పేపరు చదువుతున్నాను కాబట్టి కళ్లారా చూశాను. కారులో మొగుడు, పెళ్లాం, వెనక సీట్లో అత్తగారు. అతను అద్దం దించి, మేకలు తోలుకుపోతున్న సుంకన్నని ఆపాడు.

"అన్నా, ఎమిలేడు ఎక్కడ?"

"ఏమీ లేదు సామీ" అన్నాడు సుంకన్న.

"అదే. ఎంత దూరం?"

"దూరం ఏంటికి సామీ? ఈడ్నించి యాడికి పోయినా ఏమీ లేదు."

అతను భార్యవైపు తిరిగి, "చూశావా, ఏరియా అంతా ఎమిలేడేనంట" అన్నాడు. మైదానం పక్కన కారు ఆపి చాప పరిచారు. పులిహోర తిన్నారు. అటూ ఇటూ తిరిగి ఫోటోలు దిగారు. సాయంత్రం వెళుతూ వెళుతూ ఇంటర్నెట్లో రాశాడు: రద్దీ లేదు, అంగళ్లు లేవు, ఫోన్లకి సిగ్నల్ లేదు, మా అత్తగారు కూడా మూడు గంటలు మాట్లాడలేదు, అయిదు నక్షత్రాలు. ఆ తర్వాతి ఆదివారం పద్నాలుగు కార్లొచ్చాయి. ఆపై వారం నేను లెక్కపెట్టడం మానేశాను.

రెండు నెలలు గడిచేసరికి రాష్ట్రంలో మొదటి పది స్థలాల్లో ఎమిలేడు చేరింది. స్వయంగా తనిఖీకి వస్తున్నట్టు కమిషనర్ గారు తెలియజేశారు. తనిఖీ అంటే ఒక చోటు ఉండాలి. పటం మీద చుక్క పెట్టాలి. ఆ పని మీద చక్రపాణి గారు మా ఆఫీసుకి వచ్చి, నా కంప్యూటర్ ముందు కూచున్నారు.

"భూమి ప్రభుత్వానిదై ఉండాలి, రికార్డు ప్రకారం నిర్వివాదంగా ఉండాలి. అడంగల్లో ఎమిలేడు అని వెతకండి" అన్నారు.

నేను వెతికినట్టు నటిద్దామనుకున్నాను గానీ ఆయన నా భుజం మీదుగానే చూస్తున్నారు. పైరు గడిలోనూ అనుభవదారు గడిలోనూ ఆ మాటే ఉన్న సర్వే నంబరు మండలం మొత్తానికి ఒక్కటే తేలింది. రెండొందల పద్నాలుగు బై రెండు.

చక్రపాణి గారి కళ్లు చెమర్చాయి. "చూశారా? రికార్డులో ప్రాచీన నామం అలాగే నిలిచి ఉంది. ఏమీ లేదు. ఎంత స్వచ్ఛమైన రూపం. దీన్ని భద్రపరిచిన ఉద్యోగి ఎవరో గానీ ధన్యుడు."

ధన్యుణ్ణి వెంటబెట్టుకుని జీపులో కొండవారకి వెళ్లారు. అన్నేళ్లలో ఆ పొలం నేను చూడ్డం అదే మొదలు. శనక్కాయ గుబురుగా, చేను నిండుగా ఉంది. గట్టు పొడుగునా కంది. ఆ చివర సీతాఫలం చెట్లు. నేను లెక్కపెట్టాను. నలభై. ఓబుళమ్మ కొంగు నడుముకి దోపుకుని కలుపు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది. ఇన్నాళ్లకి వచ్చారే అన్నట్టు ఆమె ముఖం వెలిగింది. ఆ వెలుగు చూసి నాకు చచ్చేంత సిగ్గేసింది.

చక్రపాణి గారికి మాత్రం కోపమొచ్చింది. "ఎమిలేడు నడిమధ్యలో ఈ పైరేమిటి? ఈ చెట్లేమిటి? కమిషనర్ గారు వచ్చి చూసేసరికి ఇక్కడ ఎమిలేడు ఉండాలా, వేరుశనగ ఉండాలా?"

మర్నాడే నోటీసు తయారైంది. దాని నకలు నా ఫైల్లో ఉంది కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. 'సదరు దర్శనీయ స్థలము యొక్క సహజమైన ఏమీలేనితనమునకు భంగము కలిగించు విధముగా అందు పెరుగుచున్న వేరుశనగ, కంది, సీతాఫలము వగైరాలను ఏడు దినములలోగా తొలగించవలెను. లేనియెడల శాఖవారే తొలగించి, స్థలమునకు కంచె వేసి, లేడి విగ్రహము ప్రతిష్ఠించెదరు.' నోటీసు ఎవరి పేరున ఇవ్వాలన్నది ఒక ప్రశ్న. అడంగల్ ప్రకారం అనుభవదారు ఎవరైతే వారికే ఇవ్వాలి. కనుక పైన 'శ్రీయుత ఏమీ లేదు గారికి' అని రాసి, అందించే బాధ్యత నాకు అప్పగించారు.

ఓబుళమ్మకి చదువు రాదు. నోటీసు నేనే చదివి వినిపించాను. ఆమె గట్టు మీద కూచుని వింది.

"శనక్కాయ అదునుకొచ్చింది సార్, పెరుక్కుంటా. దానికి ఏడుపు లేదు. చేనుకి కంచె ఏస్తే నేను యాడికి పోవాల? బెంగుళూరు పొయ్యి ఇటుకలు మోసే వయసు గూడా గాదు."

నేను నోటీసు మడిచి గట్టు మీద ఆమె పక్కన పెట్టాను.

"నేనున్నా అని రాయనీకె మీకు ఇన్నేండ్లు తీరలేదు. నేను లేకుండా పోవాలని రాయనీకె ఒగ దినంలో ఎట్ల తీరింది సార్?"

కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నో ప్రశ్నలకి 'పైనుంచి తేలాలి' అని చెప్పినవాణ్ణి, ఆ రోజు ఆ మాట నా నోట్లోంచి రాలేదు. జీపు వద్దని నడిచి వచ్చాను. ఎండ బాగానే ఉంది.

గడువు ఇంకొక రోజుందనగా కమిషనర్ గారు ముందస్తుగా దిగారు. అయిదు జీపులు, రెండు కెమెరాలు, ఎర్ర తివాచీ. తివాచీని శనక్కాయ మీదుగా పరిస్తే మొక్కలు దాన్ని అక్కడక్కడా పైకి లేపాయి. కమిషనర్ గారు ఎత్తుపల్లాల మీద జాగ్రత్తగా నడిచి చేను మధ్యకి వెళ్లి, నడుం మీద చేతులేసుకుని చుట్టూ చూశారు.

"అద్భుతం. అచ్చం అక్కడున్నట్టే ఉంది. నేలంతా ఇంతే, బల్లపరుపుగా. ఇంతకీ ఎమిలేడు ఏది?"

"తాము నిలబడ్డదే సర్" అన్నారు చక్రపాణి గారు.

కమిషనర్ గారు కాళ్ల కిందికి చూసుకుని గౌరవంగా ఒక అడుగు పక్కకి జరిగారు. అప్పుడే ఓబుళమ్మ గట్టు మీది నుంచి ఒక గంప తెచ్చింది. అప్పుడే పెరికి ఉడకేసిన శనక్కాయలు. ఇంటికొచ్చిన వాళ్లకి పెట్టినట్టే అందరి ముందూ తిప్పింది. కమిషనర్ గారు ఒక గుప్పెడు తీసుకుని, ఒలిచి నోట్లో వేసుకుని, ఇంకో గుప్పెడు తీసుకున్నారు.

"ఎక్కడివమ్మా ఇవి?"

"ఈ చేన్లోయే సార్."

చక్రపాణి గారు అడ్డు వచ్చారు. "రికార్డు ప్రకారం ఇక్కడ వేరుశనగ లేదు సర్."

"లేకపోయినా బాగున్నాయి" అన్నారు కమిషనర్ గారు నములుతూ.

"ఈవిడ ఎవరు?"

"రికార్డు ప్రకారం ఎవరూ లేరు సర్."

తనిఖీ పత్రం నా చేతిలో ఉంది. పద్నాలుగు గడులు. పదకొండో గడి 'పరిశీలనలో ప్రత్యక్షముగా కనిపించినవి'. ప్రతి తనిఖీలోనూ ఆ గడిలో 'సంతృప్తికరము' అని రాయడం మా ఆనవాయితీ. నేను గట్టు మీద కూచుని, నాకు బుద్ధి తెలిశాక మొదటిసారి, కళ్లకి కనిపించింది రాశాను. రెండెకరాల పద్దెనిమిది సెంట్లలో వేరుశనగ. గట్టున కంది. సీతాఫలం చెట్లు నలభై. సాగు చేస్తూ చేలో హాజరుగా ఉన్నది ఓబుళమ్మ, భర్త కీర్తిశేషులు పెద్దన్న.

"ఏం రాశావయ్యా?" అన్నారు కమిషనర్ గారు.

"కనిపించినవి రాశాను సర్."

"గుడ్. పాజిటివ్‌గా ఉందిగా?"

"ఉన్నాయనే రాశాను సర్."

ఆయన చూడకుండా సంతకం చేశారు. పెద్దాయన చేశాడు కదా అని చక్రపాణి గారూ చూడకుండా చేశారు. సుగుణవల్లి మేడం మాత్రం ఏ కాగితమైనా చదవకుండా సంతకం పెట్టరు. చదివారు. నా ముఖంలోకి చూశారు. ఓబుళమ్మవైపు చూశారు. ఆవిడ బీపీ నాకు తెలుసు కాబట్టి నేను నేలచూపులు చూస్తున్నాను. మేడం కలం తీసి, తేదీ కూడా వేసి, నిదానంగా సంతకం పెట్టారు.

మా రూల్సులో ఒక మంచి రూలు ఉంది. తహసీల్దారు కంటే పైస్థాయి అధికారి క్షేత్రంలో స్వయంగా పరిశీలించి సంతకం చేస్తే, అడంగల్‌ని దాని ప్రకారం సవరించి తీరాలి. దాన్ని ఎవరూ ఎప్పుడూ వాడలేదు, ఎందుకంటే ఆ స్థాయివాళ్లు క్షేత్రంలోకి రారు. తెల్లారి పదిన్నరకి సవరించాను. పదకొండింటికి పర్యాటక పోర్టల్ నుంచి హెచ్చరిక వచ్చింది. ఎమిలేడు ప్రస్తుత స్థానంలో ఏదో ఉన్నట్టు రికార్డు తెలియజేస్తున్నదనీ, నలభై ఎనిమిది గంటల్లో స్థానాన్ని మార్చాలనీ.

చక్రపాణి గారు పరుగున వచ్చారు. పత్రం చదువుకుని, తన సంతకాన్ని తనే చాలాసేపు చూసుకున్నారు. సంతకం కాదనడానికి లేదు, పైది కమిషనర్ గారిది. నాకు అక్కడికక్కడే మెమో రాసిచ్చారు. పరిశీలనలో కనిపించినవాటిని యథాతథంగా నమోదు చేసినందుకు ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలపాలట. తర్వాత మళ్లీ అడంగల్ వెతికించారు. ఆ మాట లేకపోయినా సరే, పైరు గడీ అనుభవదారు గడీ ఖాళీగా ఉన్న ప్రభుత్వ భూమి. ఈసారి కూడా ఒక్కటే తేలింది. ఆ సర్వే నంబరు ఎక్కడో విన్నట్టుందని అటెండరు అన్నాడు. వెళ్లి గోడ మీది విద్యుత్ మీటరు పెట్టె చూసొచ్చాడు. అది మాదే. మా ఆఫీసు కట్టి పద్దెనిమిదేళ్లయింది, అడంగల్లో ఎక్కించడం ఎవరికీ తట్టలేదు. అందరం ఎవరో ఒకరు ఎక్కించే ఉంటారనుకున్నాం. రికార్డు ప్రకారం ఇక్కడ కట్టడం లేదు, ఇందులో ఎవరూ లేరు.

"సార్, ఇది ఆఫీసు" అన్నారు మేడం.

"రికార్డు రికార్డేనమ్మా" అన్నారు చక్రపాణి గారు.

ఇప్పుడు మా గేటు దగ్గర సిమెంటు లేడి నిలబడి ఉంది. వరండాలో తాడు కట్టారు. లేడి బొమ్మ టోపీ పెట్టుకున్న గైడు అమ్మాయి సందర్శకుల్ని పదేసి మందిని లోపలికి తెస్తుంది. అర్జీలు చూడాల్సిన రోజే మా పనితీరు బాగా కనిపిస్తుందని సోమవారం ప్రత్యేక ప్రదర్శన పెట్టారు. ఖాళీ కుర్చీల మీద ఫ్యాన్లు తిరుగుతుంటే జనం నెమ్మదిగా నడుస్తూ చూస్తారు. అర్జీల బీరువా దగ్గర ఎక్కువసేపు ఆగుతారు. లోపలికి వెళ్లినవి ఎప్పుడు బయటికొస్తాయని పిల్లలు అడుగుతారు. గైడు వాళ్లని పక్క గదిలోకి నడిపిస్తుంది. పోయిన వారం బెంగుళూరు అతను అత్తగారితో మళ్లీ వచ్చాడు. పాతచోటి కంటే ఇదే ప్రశాంతంగా ఉందన్నాడు.

నిన్న సోమవారం ఓబుళమ్మ వచ్చింది. అడంగల్ నకలు తీసుకుపొమ్మని నేనే కబురు పంపాను. వరండాలో గైడు అమ్మాయి ఆపి, "అవ్వా, క్యూ ఇటు. లోపల చూసి అటునుంచి బయటికి పోవచ్చు" అంది.

"నేను చూసినా పాపా. చానా ఏండ్లు చూసినా" అని తాడు పైకెత్తి లోపలికొచ్చింది.

నకలు తీసి చేతిలో పెట్టాను. చదివి వినిపిస్తానన్నాను. ఓబుళమ్మ నావైపు చూసింది. కాగితం నాకు తిరిగి ఇవ్వలేదు. దాన్ని పట్టుకుని బయటికి వెళ్లి, లేడి దగ్గర ఫోటోలు దిగుతున్నవాళ్లలో కళ్లజోడున్న ఒకాయన్ని ఎంచుకుని, "సామీ, దీంట్లో ఏముందో సదివి చెప్తావా" అని అడిగింది.

ఆయన ఫోను జేబులో పెట్టుకుని చదివాడు. పైరు, వేరుశనగ. చెట్లు, సీతాఫలం నలభై. అనుభవదారు, ఓబుళమ్మ.

ఆమె ఇంకొకసారి చదవమంది. ఆయన మళ్లీ చదివాడు. అప్పుడు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రవికెలో దోపుకుని, నావైపు చూడకుండా వెళ్లిపోయింది. నేను కిటికీలోంచి చూస్తూ కూచున్నాను. తాడు అవతల జనం నన్ను చూస్తూ నిలబడ్డారు.